ఇంగ్లీషు వాక్యాల్లో ‘ఆబ్సొలీట్’ను సరిగ్గా వాడడం ఎలా? తరచుగా అడిగే ప్రశ్నలు

తెలుగులో ‘పాత’ అనే ఒక్క మాట ఇంటికీ, ఫోన్‌కీ, చట్టానికీ, స్నేహితుడికీ కూడా సరిపోతుంది. ఇంగ్లీషులో అలా కుదరదు. అందుకే ఆబ్సొలీట్, ఔట్‌డేటెడ్ లాంటి మాటలు రాసేటప్పుడు ఎంత ఇంగ్లీషు వచ్చినవాళ్లైనా ఒక క్షణం ఆగుతారు. ఎక్కువగా ఎదురయ్యే సందేహాలు ఇవి.

ఆబ్సొలీట్ అంటే పాతది అనేగా?

కాదు. సగం తప్పులు ఇక్కడే పుడతాయి. వస్తువు ఎన్నేళ్ల నాటిదన్నది ఈ మాటకు ముఖ్యం కాదు. అది ఇంకా వాడుకలో ఉందా, దాని పనిని ఇంకేదైనా లాగేసుకుందా అన్నదే లెక్క.

సుత్తి వేల ఏళ్ల నాటిది. అయినా మేకు కొట్టాలంటే ఈరోజుకీ అదే కావాలి కాబట్టి దాన్నెవరూ ఆబ్సొలీట్ అనరు. స్లైడ్ రూల్ సంగతి వేరు. 17వ శతాబ్దంలో పుట్టిన ఈ లెక్కల కొలబద్దను ఇంజనీర్లు మూడు వందల ఏళ్లకు పైగా వాడారు. 1972లో హ్యూలెట్ ప్యాకర్డ్ సంస్థ హెచ్‌పీ-35 అనే జేబు కాలిక్యులేటర్ తెచ్చిన కొన్నేళ్లకే అది మూలపడింది. ఫ్లాపీ డిస్క్ 1970ల మొదట్లో వచ్చింది, సోనీ దాని అమ్మకాన్ని 2011 మార్చిలో ఆపేసింది. ఒకటి మూడు శతాబ్దాలు బతికింది, ఇంకోటి నలభై ఏళ్లు. రెండింటికీ మాట ఒక్కటే.

ఆ మాట రాసే ముందు ఈ ప్రశ్న వేసుకోండి: ‘దీని పని ఇప్పుడు ఏది చేస్తోంది?’ జవాబు టక్కున తడితే ఆబ్సొలీట్ రాయొచ్చు. తట్టకపోతే మీకు కావలసింది బహుశా ‘ఓల్డ్’ మాత్రమే.

‘కాలం చెల్లిన’ అని ఎక్కడుంటే అక్కడ ఆబ్సొలీట్ పెట్టేయొచ్చా?

పెట్టకండి. ఈ తెలుగు మాట చాలా ఉదారమైనది. పత్రికల్లో ‘కాలం చెల్లిన మందులు’ అంటారు, ‘కాలం చెల్లిన చట్టాలు’ అనీ అంటారు. మొదటిదానికి ఇంగ్లీషులో ఎక్స్‌పైర్డ్, రెండోదానికి ఆబ్సొలీట్. మందు సీసా మీద తేదీ ఉంటుంది, ఆ తేదీ దాటింది, అంతే. అదే మందు కొత్త సీసా రేపు షాపులో దొరుకుతుంది. ‘ఆబ్సొలీట్ మెడిసిన్’ అని రాస్తే, ఆ మందునే డాక్టర్లు రాయడం మానేశారని, ఇంకా మెరుగైనది వచ్చిందని చదివేవాళ్లు అనుకుంటారు. అర్థం ఎక్కడికో పోతుంది.

పాస్‌పోర్ట్, లైసెన్స్, పాల ప్యాకెట్, కూపన్... తేదీ ముద్రించి ఉన్న ప్రతిదానికీ ఎక్స్‌పైర్డ్ అనే రాయండి.

మరి ఔట్‌డేటెడ్‌కీ ఆబ్సొలీట్‌కీ తేడా ఏమిటి?

ఔట్‌డేటెడ్ అంటే వెనకబడింది, కానీ ఇంకా చేతిలోనే ఉంది, వాడుతూనే ఉన్నారు. ఆబ్సొలీట్ అంటే ఆట నుంచి తప్పుకుంది.

2006 ఆగస్టులో అంతర్జాతీయ ఖగోళ సంఘం ప్లూటోను గ్రహాల జాబితా నుంచి తప్పించి మరుగుజ్జు గ్రహంగా వర్గీకరించింది. తొమ్మిది గ్రహాలు అని చెప్పే పాఠ్యపుస్తకం ఆ రోజు నుంచి ఔట్‌డేటెడ్. అందులో ఆ పేజీ మారిస్తే చాలు, మిగతా పుస్తకం పనికొస్తుంది. పుస్తకం ఆబ్సొలీట్ కాలేదు.

ఒక కొండగుర్తు: అప్‌డేట్ చేస్తే బాగుపడేది ఔట్‌డేటెడ్, మార్చేసి కొత్తది తెచ్చుకోవాల్సింది ఆబ్సొలీట్. సమాచారం, మ్యాప్, గణాంకాలు, రెజ్యూమె, సాఫ్ట్‌వేర్ వెర్షన్, అభిప్రాయం, వీటికి దాదాపు ఎప్పుడూ ఔట్‌డేటెడ్ నప్పుతుంది. యంత్రం, పరికరం, టెక్నాలజీ, ఆయుధం, వృత్తి, వీటికి ఆబ్సొలీట్. ‘ఆబ్సొలీట్ ఇన్ఫర్మేషన్’ పూర్తిగా తప్పేమీ కాదు గానీ, పది సందర్భాల్లో తొమ్మిదింటికి ఔట్‌డేటెడ్ మేలు.

వాక్యంలో దాన్ని ఎక్కడ పెట్టాలి?

ఇది విశేషణం. నామవాచకం ముందు పెట్టొచ్చు: ‘దే స్టిల్ యూజ్ ఆబ్సొలీట్ ఎక్విప్‌మెంట్.’ ఏకవచనమైతే ముందు ‘ఆన్’ రావాలి, ‘ఎ’ కాదు: ‘ఆన్ ఆబ్సొలీట్ మెషీన్.’ లేదా ‘ఈజ్, ఆర్, వాజ్’ తర్వాత పెట్టొచ్చు: ‘దిస్ మోడల్ ఈజ్ నౌ ఆబ్సొలీట్.’

దీనికి బాగా కలిసొచ్చే క్రియలు మూడున్నాయి. తనంతట తాను వాడుక పోతే ‘బికమ్’: ‘పేజర్స్ బికేమ్ ఆబ్సొలీట్ ఇన్ మోస్ట్ వర్క్‌ప్లేసెస్.’ ఇంకేదో వచ్చి దాన్ని పక్కకు నెడితే ‘మేక్’ లేదా ‘రెండర్’. వీటిలో రెండర్ కాస్త గంభీరంగా ఉంటుంది, వ్యాసాలకు బావుంటుంది.

ఈ రెండర్‌కు చరిత్రలో ఒక మంచి ఉదాహరణ ఉంది. 1906లో బ్రిటన్ హెచ్‌ఎంఎస్ డ్రెడ్‌నాట్ అనే యుద్ధనౌకను నీళ్లలోకి దించింది. పన్నెండు అంగుళాల పెద్ద ఫిరంగులు పది, ఆవిరి టర్బైన్లతో అంతకు ముందు పెద్ద నౌకలకు లేని వేగం. దాంతో ప్రపంచంలో ఉన్న మిగతా యుద్ధనౌకలన్నీ, బ్రిటన్ సొంత నౌకలతో సహా, ఒక్కసారిగా దీనికి దీటు రాకుండా పోయాయి. వాటికి ‘ప్రీ-డ్రెడ్‌నాట్’ అనే పేరే పడిపోయింది. ఇంగ్లీషులో ఇలా రాస్తారు: ‘డ్రెడ్‌నాట్ రెండర్డ్ ఎవ్రీ ఎర్లియర్ బ్యాటిల్‌షిప్ ఆబ్సొలీట్.’ వాక్యం వరస చూడండి. ముందు క్రియ, తర్వాత దెబ్బతిన్న వస్తువు, చివర ఆబ్సొలీట్. ‘రెండర్డ్ ఆబ్సొలీట్ ఎవ్రీ ఎర్లియర్ బ్యాటిల్‌షిప్’ అని తిప్పి రాయడం కూడా కనిపిస్తుంది, ముఖ్యంగా వస్తువు పేరు చాంతాడంత ఉన్నప్పుడు. మామూలుగా మొదటి వరసే రాయండి.

వెనక్కి నెట్టింది ఏదో చెప్పాలంటే ‘బై’: ‘స్లైడ్ రూల్స్ వర్ మేడ్ ఆబ్సొలీట్ బై పాకెట్ కాలిక్యులేటర్స్.’

‘ఈజ్ ఆబ్సొలీట్ సిన్స్ 2011’ అని రాయొచ్చా?

రాయకూడదు. ‘2011 నుంచి వాడుకలో లేదు’ అని తెలుగులో అనుకుని రాస్తే ఇలాగే వస్తుంది. అప్పటి నుంచి ఇప్పటిదాకా సాగుతున్న స్థితికి ఇంగ్లీషులో ‘హ్యాజ్ బీన్’ కావాలి: ‘ఇట్ హ్యాజ్ బీన్ ఆబ్సొలీట్ సిన్స్ 2011.’ ఎన్నేళ్లుగా అన్నది చెబితే సిన్స్ తీసేసి ‘ఫర్’: ‘ఇట్ హ్యాజ్ బీన్ ఆబ్సొలీట్ ఫర్ ఇయర్స్.’

‘ఆబ్సొలీటెడ్’ అని వింటూ ఉంటాం. అది తప్పా?

నిఘంటువుల్లో ఆబ్సొలీట్‌ను క్రియగా కూడా చూపిస్తారు, ముఖ్యంగా అమెరికన్ ఇంగ్లీషులో. కాబట్టి తప్పు అనలేం. కానీ మామూలు రాతలో చెవికి గుచ్చుకుంటుంది, పరీక్షలో అయితే దిద్దేవాళ్ల పెన్ను అక్కడే ఆగుతుంది. ‘మేడ్ ఆబ్సొలీట్’ ఉండగా ఆ రిస్క్ ఎందుకు?

ఒక్క చోట మాత్రం ఈ క్రియ దర్జాగా తిరుగుతుంది. ఇంటర్నెట్ ప్రమాణాలను నిర్ణయించే ఆర్‌ఎఫ్‌సీ పత్రాల తలమీద ‘ఆబ్సొలీట్స్’ అని రాసి, ఏ పాత పత్రాన్ని రద్దు చేస్తున్నారో దాని నంబరు వేస్తారు. వెబ్ నడిచే హెచ్‌టీటీపీ పద్ధతిని 1999లో నిర్వచించిన ఆర్‌ఎఫ్‌సీ 2616ను 2014 జూన్‌లో 7230 నుంచి 7235 దాకా ఆరు కొత్త పత్రాలు ఇలాగే ‘ఆబ్సొలీట్’ చేశాయి. ఆ రంగంలో పనిచేసేవాళ్లు ‘దిస్ ఆర్‌ఎఫ్‌సీ వాజ్ ఆబ్సొలీటెడ్ బై...’ అంటే అది వాళ్ల పరిభాష, అక్కడ దిద్దక్కర్లేదు.

‘గెట్టింగ్ ఆబ్సొలీటెడ్’ మాత్రం ఎక్కడా బాగోదు. ‘అయిపోతోంది’ అనే మన క్రియ నీడ అది. ‘బికమింగ్ ఆబ్సొలీట్’ అనండి.

ఒక తప్పు వాక్యాన్ని దిద్ది చూపిస్తారా?

వ్యాసాల్లో ఇలాంటిది తరచు కనిపిస్తుంది: ‘డ్యూ టు స్మార్ట్‌ఫోన్స్, కెమెరాస్ ఆర్ గాట్ ఆబ్సొలీటెడ్ నౌ ఎ డేస్.’

ముందు క్రియ సంగతి. ‘ఆర్ గాట్ ఆబ్సొలీటెడ్’ మొత్తం తీసేసి ‘హ్యావ్ బికమ్ ఆబ్సొలీట్’ పెడదాం. ‘నౌ ఎ డేస్’ను మూడు ముక్కలుగా రాయరు, కలిపి ఒకే మాటగా రాస్తారు. పైగా ‘హ్యావ్ బికమ్’లోనే ఇప్పటి సంగతి ఉంది కాబట్టి అది అక్కర్లేదు కూడా. ‘డ్యూ టు’ బదులు స్మార్ట్‌ఫోన్‌నే కర్తగా కూర్చోబెడితే వాక్యానికి బలం వస్తుంది: ‘స్మార్ట్‌ఫోన్స్ హ్యావ్ మేడ్ కెమెరాస్ ఆబ్సొలీట్.’

వ్యాకరణం కుదిరింది. కానీ మాట నిజమేనా? పెళ్లి ఫొటోలు, క్రీడల ఫొటోలు తీసేవాళ్లు ఇంకా కెమెరాలే వాడుతున్నారు. దెబ్బతిన్నవి జేబులో పట్టే చిన్న కెమెరాలు, అవీ పూర్తిగా పోలేదు. కాబట్టి: ‘స్మార్ట్‌ఫోన్స్ హ్యావ్ మేడ్ కాంపాక్ట్ కెమెరాస్ ఆల్మోస్ట్ ఆబ్సొలీట్.’ ఇప్పుడు భాషా సరిగ్గా ఉంది, విషయమూ సరిగ్గా ఉంది. ఈ మాటతో వచ్చే చిక్కే అది. వ్యాకరణం దిద్దుకున్నాక వాస్తవాన్ని కూడా దిద్దుకోవాలి.

‘వెరీ ఆబ్సొలీట్’ అనొచ్చా?

అంత బాగుండదు. వాడుక ఉంటే ఉంది, పోతే పోయింది, ‘చాలా పోయింది’ అనం కదా. ఆ అంచుకు ఎంత దగ్గర్లో ఉందో చెప్పే మాటలు మాత్రం చక్కగా ఇముడుతాయి: ఆల్మోస్ట్, వర్చువల్లీ, లార్జ్‌లీ, కంప్లీట్‌లీ. ఔట్‌డేటెడ్‌కు ఈ ఇబ్బంది లేదు. ‘వెరీ ఔట్‌డేటెడ్’, ‘స్లైట్‌లీ ఔట్‌డేటెడ్’ రెండూ నిక్షేపంగా రాయొచ్చు.

ఆబ్సొలెసెంట్, ఆబ్సొలెసెన్స్ అంటే?

ఆబ్సొలెసెంట్ అంటే ఇంకా పోలేదు, పోయే దారిలో ఉంది. రెండో ప్రపంచ యుద్ధం నాటి స్వార్డ్‌ఫిష్ విమానం దీనికి సరిపోయే ఉదాహరణ. రెండు వరసల రెక్కలు, గుడ్డ కప్పిన చట్రం, నత్తనడక. 1939 నాటికే దాని రోజులు అయిపోయాయనుకున్నారు. 1941 మే నెలలో అదే స్వార్డ్‌ఫిష్ వేసిన టార్పెడో జర్మన్ మహానౌక బిస్మార్క్ చుక్కానిని బిగుసుకుపోయేలా చేసింది. మర్నాడు ఆ నౌక మునిగింది. ఆబ్సొలీట్ అనడానికి చెయ్యి రాదు, ఆబ్సొలెసెంట్ అంటే న్యాయంగా ఉంటుంది.

ఆబ్సొలెసెన్స్ నామవాచకం, ఆ పోవడం అనే ప్రక్రియ. ఇది ఎక్కువగా ‘ప్లాన్డ్ ఆబ్సొలెసెన్స్’ అనే జంటలో కనబడుతుంది. వస్తువు త్వరగా పాడయ్యేలా, లేదా కొన్నవాళ్లకే అది పాతదనిపించేలా కావాలని తయారు చేయడం అన్నమాట. 1932లో బెర్నార్డ్ లండన్ అనే ఆయన ఆర్థికమాంద్యం నుంచి బయటపడడానికి ఇదే మార్గమని ఒక చిన్న పుస్తకం రాశాడు. 1950ల్లో అమెరికన్ డిజైనర్ బ్రూక్స్ స్టీవెన్స్ ఆ మాటను జనం నోళ్లలో నానేలా చేశాడు. మాట కన్నా పని ముందే మొదలైంది. 1924లో బల్బుల కంపెనీలు ఫీబస్ పేరుతో జట్టుకట్టి, బల్బు ఆయుష్షును వెయ్యి గంటలకు కుదించాయి.

మిగతా దగ్గరి మాటలు ఎప్పుడు వాడాలి?

‘ఔట్ ఆఫ్ డేట్’ అర్థంలో ఔట్‌డేటెడ్‌కు అన్నదమ్ముడే. రాతలో ఒక్క చిన్న పట్టింపు ఉంది: నామవాచకం ముందు వస్తే మధ్యలో హైఫన్లు పెడతారు, తర్వాత వస్తే పెట్టరు.

‘ఓల్డ్-ఫ్యాషన్డ్’లో తిట్టు లేదు. ఇష్టంగా కూడా అనొచ్చు. ‘యాంటిక్వేటెడ్’లో మాత్రం వెక్కిరింపు ఉంది, ‘ఇంకా ఈ కాలంలో కూడానా’ అనే విసుగు. ఆఫీసుల్లో కట్టలు కట్టే ఫైళ్ల పద్ధతికి బాగా నప్పుతుంది. ‘ఔట్‌మోడెడ్’ ఆలోచనలకూ పద్ధతులకూ.

‘యాంటిక్’, ‘వింటేజ్’ పొగడ్తలు. పాతదైనందుకే వాటికి విలువ. యాంటిక్ గడియారం అమ్ముతున్నవాళ్లను ‘ఈ ఆబ్సొలీట్ గడియారం ఎంత?’ అని అడిగితే బేరం అక్కడితో ఆగిపోతుంది.

‘డేటెడ్’ కాస్త సూక్ష్మం. ఒక సినిమా లేదా డిజైన్ చూడగానే అది ఏ కాలానిదో తెలిసిపోతే, అదీ మెచ్చుకోలుగా కాకుండా, అప్పుడు ఈ మాట.

పోయినదానికల్లా ఇదే మాటా?

కాదు. జంతువు, అగ్నిపర్వతం అయితే ఎక్స్‌టింక్ట్. మూతపడిన కంపెనీ, పత్రిక, పార్టీ అయితే డిఫంక్ట్. ‘డైనోసార్స్ ఆర్ ఆబ్సొలీట్’ అంటే నవ్వొస్తుంది, వాటి పనిని ఎవరో కొత్తవాళ్లు తీసుకున్నట్టు.

చట్టాల దగ్గర జాగ్రత్త. చట్టాన్ని అధికారికంగా తీసేస్తే రిపీల్డ్. పుస్తకాల్లో ఉండి కూడా ఎవరూ అమలు చేయకపోతే ఆబ్సొలీట్. ఒక చట్టం ఆబ్సొలీట్ అయి దశాబ్దాలైనా రిపీల్ కాకుండా పడి ఉండొచ్చు.

మనుషులను ఆబ్సొలీట్ అనొచ్చా?

వ్యాకరణం అడ్డు చెప్పదు, మర్యాద చెబుతుంది. ‘నీతో ఇక పని లేదు’ అని ముఖం మీద అన్నట్టే ఉంటుంది. పెద్దవాళ్ల అలవాట్ల గురించి రాయాలంటే ఓల్డ్-ఫ్యాషన్డ్ చాలు. ఉద్యోగాల గురించైతే మనిషిని వదిలి పనిని పట్టుకోండి: ‘ఆటోమేషన్ మే మేక్ సమ్ జాబ్స్ ఆబ్సొలీట్.’ వ్యాస పరీక్షల్లో ఈ వాక్యం అవసరం పడుతూనే ఉంటుంది. అందులోని ‘మే’, ‘సమ్’ రెండూ ఉంచండి. అవి తీసేస్తే జోస్యం చెప్పినట్టవుతుంది.

బ్రిటన్‌లో ‘రిడండెంట్’ అనే మాట కూడా ఉంది. అక్కడ ‘హీ వాజ్ మేడ్ రిడండెంట్’ అంటే సంస్థకు ఆ పోస్టు అక్కర్లేక ఉద్యోగం తీసేశారని. దాన్ని ఆబ్సొలీట్‌తో కలపకండి.

పోయిందనుకున్నది మళ్లీ వస్తే?

వినైల్ రికార్డుల సంగతి అదే. సీడీలు వచ్చాక వాటి కథ ముగిసిందన్నారు. 2022లో అమెరికాలో సంఖ్యలో సీడీల కన్నా వినైల్ రికార్డులే ఎక్కువ అమ్ముడయ్యాయి, 1987 తర్వాత మొదటిసారిగా. ఇప్పుడు వినైల్‌ను ఆబ్సొలీట్ అంటే పాఠకుడు ఒప్పుకోడు. ‘వన్స్ కన్సిడర్డ్ ఆబ్సొలీట్’ అని రాస్తే సరిపోతుంది. వీసీఆర్‌కు ఆ అదృష్టం పట్టలేదు. వాటిని ఇంకా తయారు చేస్తున్న చివరి సంస్థగా పేరుపడ్డ జపాన్ ఫునాయ్ కూడా 2016 జూలైలో ఆపేసింది.

కంప్యూటర్ రంగంలో డెప్రికేటెడ్, లెగసీ అంటారు. అవీ ఇవీ ఒకటేనా?

ఒకటి కాదు. డెప్రికేటెడ్ అంటే ‘ఇంకా పనిచేస్తుంది, కానీ కొత్తగా వాడొద్దు, ఎప్పుడైనా తీసేస్తాం’ అనే హెచ్చరిక. లెగసీ అంటే పాతదే, కానీ దాని మీదే పని నడుస్తోంది, కదిలించడానికి భయం. వెబ్ పేజీలు రాసే భాష హెచ్‌టీఎంఎల్. దాని ప్రమాణం ఫాంట్, సెంటర్, మార్క్వీ ట్యాగులను ఆబ్సొలీట్ జాబితాలో పెట్టింది. తమాషా ఏమిటంటే బ్రౌజర్లు వాటిని ఇప్పటికీ చూపిస్తాయి.

కంపెనీలు సొంత నిర్వచనాలు కూడా పెట్టుకుంటాయి. ఆపిల్ లెక్కలో, అమ్మకానికి సరఫరా ఆపి ఐదేళ్లు దాటితే ఆ పరికరం వింటేజ్, ఏడేళ్లు దాటితే ఆబ్సొలీట్. ఆబ్సొలీట్ అయితే మామూలుగా రిపేరు దొరకదు. మీ చేతిలో ఫోన్ చక్కగా పనిచేస్తున్నా సరే. అలాంటి చోట వాళ్ల అర్థంలోనే చదువుకోవాలి.

స్పెల్లింగ్, ఉచ్చారణ ఎప్పుడూ తికమక పెడతాయి...

స్పెల్లింగ్: ఓ, బి, ఎస్, ఓ, ఎల్, ఈ, టి, ఈ. మొదట ‘ఎ’ రాస్తే అది అబ్సొల్యూట్ వైపు జారిపోతుంది. అబ్సొల్యూట్ అంటే సంపూర్ణమైన, దీనితో ఏ చుట్టరికమూ లేదు. ఫోన్ కీబోర్డు ఒకదాన్ని ఇంకోటిగా మార్చేస్తే స్పెల్ చెక్ కూడా పట్టుకోదు, ఎందుకంటే రెండూ అసలైన మాటలే. ‘దిస్ ఈజ్ ఆన్ అబ్సొల్యూట్ మెథడ్’ అని పంపేముందు ఒకసారి చూసుకోండి.

బ్రిటిష్ వాళ్లు మొదటి అక్షరాన్ని, అమెరికన్లు ఎక్కువగా చివరి ‘లీట్’ను నొక్కి పలుకుతారు. ఏదైనా ఫర్వాలేదు.

నిఘంటువులో ఒక మాట పక్కన ‘ఆబ్సొలీట్’ అని, ఇంకోదాని పక్కన ‘ఆర్కాయిక్’ అని ఉంటుంది. ఎందుకు?

ఆర్కాయిక్ మాట మామూలుగా వాడరు, కానీ కవిత్వంలోనో ప్రార్థనలోనో అక్కడక్కడ తగులుతుంది. ఆబ్సొలీట్ మాట అలా కూడా తగలదు. అమెరికాలోని మెరియమ్ వెబ్‌స్టర్ దీనికి ఏకంగా ఒక గీత గీసుకుంది: 1755 తర్వాత వాడిన ఆధారం లేకపోతే ఆబ్సొలీట్. ఆ ఏడాదే ఎందుకంటే, శామ్యూల్ జాన్సన్ తన ప్రసిద్ధ ఇంగ్లీషు నిఘంటువును అచ్చువేసింది అప్పుడే. ఆక్స్‌ఫర్డ్ పెద్ద నిఘంటువు అలాంటి మాటల పక్కన చిన్న కత్తి గుర్తు వేస్తుంది.

పురుగుల గురించిన పుస్తకంలో ‘రెక్క మీద గీతలు ఆబ్సొలీట్’ అని చదివాను. ఇదేం వాడకం?

అది జీవశాస్త్రం వాళ్ల ప్రత్యేక అర్థం. ఆ గీతలు స్పష్టంగా లేవు, లేదా దగ్గరి జాతుల్లో బాగా కనిపించేది ఇందులో మాసిపోయినట్టు ఉంది అని. మీరు పురుగుల వర్ణన రాస్తుంటే తప్ప దీంతో పని పడదు.